మంత్రమా, ఆవిరి యంత్రమా: ప్రేమకథల సిరీస్ మొదలుపెట్టేవాళ్లకు

"ఫాంటసీ రొమాన్స్ చదవాలని ఉంది, దేంతో మొదలుపెట్టను?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మా అక్క కూతురు ఒంగోల్లో ఇంజనీరింగ్ చదువుతోంది, వాళ్ల హాస్టల్లో డ్రాగన్ల పుస్తకం ఒకటి చేతులు మారుతూ తిరుగుతోందట. నెల్లూర్లో మా ఆఫీసులో పక్క సీటావిడకి రీల్స్‌లో ఏదో అట్టబొమ్మ నచ్చింది. అందరికీ ఒకే పేరు చెప్పి పంపేయడం తేలికే. కానీ ఒకరికి నిద్ర లేకుండా చేసిన పుస్తకం ఇంకొకరికి యాభయ్యో పేజీకల్లా ఆవులింతలు తెప్పిస్తుంది. అందుకని నేను ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాను. చిన్నప్పుడు మీ ఇంట్లో ఏం చదివేవాళ్లు? చందమామ సీరియళ్లా, యద్దనపూడి నవలలా?

ఊరికే అడగడం లేదు. ప్రేమకథ అన్నాక ఇద్దరి మధ్య ఏదో ఒక అడ్డం ఉండాలి, లేకపోతే మూడో పేజీలోనే శుభం కార్డు పడుతుంది. ఫాంటసీ రొమాన్స్‌లో ఆ అడ్డం పైనుంచి దిగుతుంది. శాపం, జోస్యం, రక్తంలో పుట్టిన శక్తి, తెలిసో తెలియకో ఇచ్చిన మాట. స్టీమ్‌పంక్ రొమాన్స్‌లో అది వీధిలోంచి వస్తుంది. ఇంటి అద్దె, అంతస్తు తేడా, పరువు, ఉద్యోగం, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. తోకచుక్క, రాకాసిలోయ లాంటి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లతో, కాశీమజిలీ కథలతో పెరిగినవాళ్లకి మొదటిది ఇట్టే ఎక్కుతుంది. 'సెక్రటరీ'లో జయంతి అంత బెట్టు చేయాలా వద్దా అని అన్నం ముందు కూర్చుని వాదించుకున్న ఇళ్లవాళ్లకి రెండోది. మాది రెండో రకం ఇల్లు. నా మొగ్గు ఎటో ముందే తెలుసుకుని మిగతాది చదవండి.

స్టీమ్‌పంక్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పెట్రోలు, కరెంటు రాజ్యం రాకుండా ఆవిరి యంత్రాలే ఇంకా ఇంకా ముందుకు పోయి ఉంటే పంతొమ్మిదో శతాబ్దపు లండన్ ఎలా ఉండేదన్న ఊహ అది. ఆకాశంలో ఓడలు, గడియారపు చక్రాలతో నడిచే బంట్లు, ఇత్తడి చేతులు. కె. డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత 1987లో లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో కాస్త వేళాకోళంగా వాడిన పేరే తర్వాత స్థిరపడిపోయింది. అందులో ప్రేమకథల పాయ 2009 తర్వాత ఉద్ధృతంగా వచ్చింది. నేను ఇక్కడ చెప్పబోయే స్టీమ్‌పంక్ సిరీస్‌లు దాదాపు అన్నీ 2015 కల్లా ముగిసిపోయినవే. ఇదొక పెద్ద సౌకర్యం. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న ఫాంటసీ సిరీస్‌లలో కొన్నిటికి ముగింపు రచయిత్రి బల్ల మీదే ఉంది.

స్టీమ్‌పంక్‌లో నేను ముందుగా చేతిలో పెట్టేది బెక్ మెక్‌మాస్టర్ రాసిన లండన్ స్టీమ్‌పంక్ సిరీస్. మొదటి పుస్తకం 'కిస్ ఆఫ్ స్టీల్', 2012. ఆ లండన్‌ను ఏలేది బ్లూ బ్లడ్స్ అనే దొరలు. ఒక వైరస్ వల్ల వాళ్లకి రక్తదాహం పట్టుకుంటుంది, అదే వాళ్ల అధికారానికి గుర్తు కూడా. జనం పన్ను రక్తంతో కట్టాలి. హీరోయిన్ హొనోరియా టాడ్ తండ్రి పోయాక చెల్లినీ తమ్ముడినీ వెంటబెట్టుకుని వైట్‌చాపెల్ మురికివాడలో తలదాచుకుంటుంది. అక్కడ బ్లేడ్ అనేవాడు చెప్పిందే చట్టం. వాడి నీడన బతకాలంటే రక్తం ఇవ్వాలి. ఈవిడ బేరం పెడుతుంది. నీకు నాగరికంగా మాట్లాడ్డం నేర్పిస్తాను, దానికి బదులుగా నన్ను కాపాడు అంటుంది. చేతిలో కాసు లేదు, తమ్ముడు మంచం పట్టాడు, అయినా బేరమాడేది తలెత్తుకునే. గౌను బదులు వాయిల్ చీర కట్టిస్తే ఈవిడ మన వారపత్రిక సీరియల్లో ఎక్కడా అతుకు కనపడకుండా కలిసిపోతుంది.

ఇందులో ఒక్కో పుస్తకానికి ఒక్కో జంట. రెండోది హొనోరియా చెల్లెలి కథ. మూడోది, 'మై లేడీ క్విక్‌సిల్వర్'లో, తిరుగుబాటుదార్ల నాయకురాలు రోసలిండ్ తనను పట్టుకోవడానికి ఊరంతా గాలిస్తున్న అధికారి జాస్పర్ లించ్ దగ్గరే మారుపేరుతో సెక్రటరీగా చేరుతుంది. ఈ ఒక్క వాక్యం మా మేనత్తకి చెప్పాను. "ఇంకేంది మరి, ఆ పుస్తకమే ముందియ్యి" అంది. నేను ఇవ్వలేదు. జంటలు మారినా వెనకాల రాజకోటతో పోరు ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి పెరుగుతూ పోయి ఐదోదైన 'ఆఫ్ సిల్క్ అండ్ స్టీమ్'లో తేలుతుంది. మూడోదాన్ని ముందు చదివితే లించ్ ఎవరి పక్షమన్న ఉత్కంఠ సగం పోతుంది.

లోపాలూ చెప్పాలి. మగవాళ్లందరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు: కోపం, కాపలా, "నువ్వు నాదానివి". రెండు పుస్తకాలు వరసగా చదివితే బాగానే ఉంటుంది, ఐదూ ఏకబిగిన చదివితే మొహం మొత్తుతుంది. పడకగది ఘట్టాలు దాపరికం లేకుండా ఉంటాయి, ఇంటర్ పిల్లలకి ఇచ్చేవి కావు. ఇంకొకటి, బ్లేడ్ మాట లండన్ వాడభాష. అక్షరాలు మింగేస్తాడు. మొదటి ముప్పై పేజీలు పెదాలు కదుపుతూ చదవండి, చెవికి అలవాటైతే తర్వాత ఇబ్బంది ఉండదు.

గెయిల్ కారిగర్ పారసోల్ ప్రొటెక్టరేట్ సంగతి వేరు. నవ్వుకోవడానికి ఇంతకు మించింది ఈ కోవలో నాకు దొరకలేదు. మొదటిది 'సోల్‌లెస్', 2009. అలెక్సియా తారబొత్తికి ఆత్మ లేదు. ఆవిడ చెయ్యి తగిలితే రక్తపిశాచి కోరలు లోపలికి పోతాయి, తోడేలు మనిషి మామూలు మనిషైపోతాడు. తండ్రి ఇటలీ వాడు, ఈవిడకి పెళ్లి వయసు దాటిపోయిందని ఇంట్లో నిర్ణయం అయిపోయింది. మొదటి సన్నివేశంలో ఒక విందులో తిండి సరిగా లేక విసుగెత్తి, లైబ్రరీలో కూర్చుని టీ తెప్పించుకుంటుంది. అక్కడికి ఒక రక్తపిశాచి వచ్చి మీద పడతాడు. ఆవిడకి కోపం వచ్చింది వాడు మెడ కొరకబోయినందుకు కాదు, పరిచయం చేసుకోకుండా వచ్చినందుకు. ఆ పెనుగులాటలో ట్రీకిల్ టార్ట్ నాశనమైపోయినందుకు ఇంకా కోపం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా పద్ధతి గురించి, పలహారం గురించి ఆలోచించే ఈ మనిషి మన పెళ్లిళ్లలో బంతి దగ్గర నిలబడి అజమాయిషీ చేసే పెద్దమ్మలకి దగ్గరి చుట్టం.

కథానాయకుడు లార్డ్ మెకాన్ తోడేళ్ల గుంపుకు నాయకుడు, స్కాట్లాండ్ మనిషి, ప్రభుత్వ విచారణాధికారి. ఇద్దరికీ పాత పగ ఒకటుంది. అందులో ఒక ముళ్లపంది పాత్ర ఉంది, ఆయన దానిమీద కూర్చున్నాడు. ఐదు పుస్తకాలూ ఈ ఒక్క జంటవే. 'ఛేంజ్‌లెస్', 'బ్లేమ్‌లెస్' రెండూ 2010లో, 'హార్ట్‌లెస్' 2011లో, 'టైమ్‌లెస్' 2012లో వచ్చాయి. ప్రేమ మొదటి పుస్తకంలోనే పెళ్లిదాకా వెళ్లిపోతుంది, ఆ తర్వాతంతా సంసారం. మనకి పెళ్లితో కథ ముగియడం అలవాటు, అందుకే పెళ్లయ్యాక కూడా వీళ్లిద్దరూ పోట్లాడుకుంటూ సరసమాడుకుంటూ ఉంటే చదవడం ముచ్చటగా ఉంటుంది.

కానీ రెండో పుస్తకం చివరి పేజీల్లో భర్త ఒక మాట అంటాడు. అదేమిటో చెప్పను. సీతమ్మ కథ విని పెరిగిన మనకి ఆ మాట ఇంగ్లీషువాళ్లకంటే ఇంకా లోతుగా దిగుతుంది. మూడోది చేతిలో లేకుండా రెండోది పూర్తి చేయకండి. మూడోదాంట్లో ఆయన పడే అవస్థ చూశాక కూడా, అంత తేలిగ్గా ఆయన్ని క్షమించాలా అని నాకు ఇప్పటికీ అనుమానమే. పుస్తకం హాస్యంలో పడి ఆ గాయం మీదనుంచి గబగబా నడిచిపోయింది.

అదే లోకంలో తర్వాతి తరం కథ 'ప్రూడెన్స్', 2015. హీరోయిన్ తన ఆకాశనౌకలో టీ ఆకు పని మీద బొంబాయి వస్తుంది. ఇక్కడి రాక్షసులు, వానరులు కూడా కథలోకి వస్తారు. భారతదేశం ఉంది కదా అని దీంతో మొదలుపెట్టేవాళ్లని చూశాను. వద్దు. ఇందులో ఇండియా నాటకం తెర మీద రంగుల బొమ్మలా ఉంటుంది, మనుషులు పలచన. మన పేర్లు కనపడ్డాయన్న సంబరం తప్ప మిగిలేది లేదు.

మెల్జీన్ బ్రూక్ ఐరన్ సీస్ సిరీస్‌కి రాగానే నవ్వులు ఆగిపోతాయి. 'ది ఐరన్ డ్యూక్', 2010. ఇంగ్లండ్‌ను మంగోల్ మూకలు రెండు వందల ఏళ్లు ఏలాయి, కత్తితో కాదు, మనుషుల ఒంట్లోకి కంటికి కనపడనంత చిన్న యంత్రాలు ఎక్కించి, ఒక టవర్ నుంచి వాటిని నడిపించి. ఆ టవర్‌ను పేల్చేసిన ఓడదొంగ ఇప్పుడు జనం మెచ్చిన డ్యూకు. అతని గుమ్మం ముందు ఆకాశంలోంచి శవం పడుతుంది, విచారణకి ఇన్‌స్పెక్టర్ మీనా వెంట్‌వర్త్ వస్తుంది. ఆవిడ మొహంలో పాలకుల పోలిక ఉంది. రాజ్యం పోయినా ఆ మొహం పోలేదు, వీధిలో నడిస్తే జనం అసహ్యించుకుంటారు. తెల్లవాళ్లు తాము బానిసలుగా ఉన్న చరిత్రను ఊహించుకుని రాసిన పుస్తకం ఇది. బానిసత్వం నిజంగానే చూసిన దేశంలో కూర్చుని చదువుతుంటే కొన్నిచోట్ల గట్టిగా తగులుతుంది, కొన్నిచోట్ల తూర్పువాళ్లనే మళ్లీ రాక్షసుల్ని చేశారే అని ముల్లు గుచ్చుకుంటుంది. మధ్యలో సమ్మతి విషయంలో బాగా ఇబ్బంది పెట్టే ఘట్టం ఒకటుంది. మత్తులో ఉన్న హీరో ఆగాల్సినచోట ఆగడు. అలాంటివి పడనివాళ్లు ఈ పుస్తకాన్ని వదిలేసి మూడోదైన 'రివెటెడ్' (2012) పట్టుకోండి. అది విడిగా చదివినా అర్థమవుతుంది. ఐస్‌లాండ్ అగ్నిపర్వతాలు, ప్రమాదంలో అవయవాలు పోగొట్టుకుని యంత్రపు అవయవాలతో తిరిగే శాస్త్రవేత్త, తన ఊరి రహస్యం కాపాడాల్సిన అమ్మాయి. అతను అడిగి, ఆగి, మళ్లీ అడిగే మనిషి. ఈ సిరీస్ మొత్తంలో నాకు నచ్చిన మగవాడు అతనొక్కడే.

పిల్లలకి ఇవ్వదగ్గది కావాలంటే కసాండ్రా క్లేర్ ఇన్‌ఫర్నల్ డివైసెస్. 'క్లాక్‌వర్క్ ఏంజెల్' (2010), 'క్లాక్‌వర్క్ ప్రిన్స్' (2011), 'క్లాక్‌వర్క్ ప్రిన్సెస్' (2013). మూడింటితో ఆ కథ పూర్తి. టెస్సా అనే అమ్మాయి న్యూయార్క్ నుంచి లండన్ వస్తుంది, అక్కడ విల్, జెమ్ అనే ఇద్దరు ప్రాణస్నేహితులు. ముక్కోణపు ప్రేమ అంటే నాకు సాధారణంగా చిరాకు, ఎందుకంటే ఇద్దరిలో ఒకణ్ణి మూడో భాగానికల్లా వెధవని చేసి అడ్డు తొలగిస్తారు. ఇక్కడ అలా చేయలేదు. జెమ్ తల్లి చైనా మనిషి, ఒక మందు తీసుకోకపోతే చచ్చిపోతాడు, తీసుకుంటే మెల్లగా చచ్చిపోతాడు. ముగ్గురిలో ఎవరి మీదా కోపం రాదు, అదే బాధ.

కథ మొదలయ్యేది 1878లో. ఆ సంవత్సరం చూడగానే నా మనసు మన తీరానికి వచ్చేసింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిని పీల్చిపిప్పి చేసిన ధాత కరువు రోజులవి. మన జిల్లాల పక్కనుంచి పోయే బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగాన్ని కరువు పనుల కింద కూలీల చేత తవ్వించి, అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టింది ఆ కాలంలోనే. లండన్‌లో గ్యాసు దీపాల కింద ఇత్తడి బొమ్మలు నడుస్తుంటే, ఇక్కడ గంజి కోసం మట్టి మోశారు. ఈ కోవ రచయితల్లో ఎక్కువమంది ఆ రెండో సగం వైపు చూడరు. కాలువ, గూడూరు అభ్రకం గనులు, కృష్ణపట్నం రేవు పెట్టుకుని ఎవరైనా తెలుగులో స్టీమ్‌పంక్ ప్రేమకథ రాస్తే మొదటి కాపీ నేను కొంటాను.

ఇక మంత్రాల వైపు. నెల్లూరువాళ్లకి ఫాంటసీలో ఒక సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో దిగి పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె అందుకుని, కోరిక తీరాక మళ్లీ వచ్చి రొట్టె తిరిగి ఇచ్చే ఊరు మనది. అడగడం, అందుకోవడం, బాకీ తీర్చడం. పాశ్చాత్య ఫాంటసీలో ఫేలనే మాయజాతివాళ్లతో బేరాలు కూడా ఇలాగే నడుస్తాయి, కాకపోతే అక్కడ మాటలో మెలిక ఉంటుంది. ఆ మెలికను అందరికంటే బాగా వాడుకున్నది హోలీ బ్లాక్. 'ది క్రూయల్ ప్రిన్స్' (2018)లో ఫేలు అబద్ధం చెప్పలేరు. వాళ్ల మధ్య పెరిగిన మనిషి పిల్ల జూడ్ చెప్పగలదు. బలం లేదు, మంత్రం లేదు, అబద్ధం ఒక్కటే ఆయుధం. దాంతోనే రాజకీయం నడుపుతుంది. మొదటి పుస్తకంలో కార్డన్ అనే రాకుమారుడు ఆ పిల్లని ఎంత సతాయిస్తాడంటే, మా అక్క కూతురు ఫోన్ చేసి "ఏంది పిన్నీ, వీడు హీరోనా?" అంది. ఓపిక పట్టమన్నాను. రెండూ మూడూ 2019లోనే వచ్చేశాయి, పుస్తకాలు సన్నవి, ముద్దులు దాటి పెద్దగా ఏమీ లేదు. పదహారేళ్ల పిల్లకి ఏమివ్వాలని అడిగితే నా జవాబు ఇది, లేదా ఇంతకు ముందు చెప్పిన క్లేర్ పుస్తకాలు.

పెద్దవాళ్లకి నేను ఇచ్చే ఫాంటసీ గ్రేస్ డ్రేవెన్ 'రేడియన్స్', 2014. ఇది పెద్దలు కుదిర్చిన పెళ్లి కథ. రెండు రాజ్యాల పొత్తు కోసం ఇల్డికో అనే మనిషినీ, కాయ్ జాతి రాకుమారుడు బ్రిషెన్‌నూ కట్టబెడతారు. ఆ జాతివాళ్లకి బూడిదరంగు చర్మం, కోరలు, కనుపాప కనపడకుండా వెలిగే పచ్చటి కళ్లు. పెళ్లికి ముందు తోటలో ఒకరెవరో ఒకరికి తెలియకుండా తటస్థపడి మాటల్లో పడతారు. ఇద్దరూ ఒకరినొకరు పరమ వికారంగా ఉన్నావని మొహం మీదే చెప్పుకుని, నవ్వుకుంటారు. అతనికి ఆమె కళ్లు గుంటల్లో అటూ ఇటూ దొర్లుతుంటే భయం. ఆమెకి అతని నవ్వు చూస్తే భయం, కోరలు కనపడతాయి కదా. వాళ్ల విందులో స్కార్పటీన్ అని తేలులాంటి జీవిని వడ్డిస్తారు, ఆమె మింగలేక మింగుతుంది. మనుషుల విందులో బంగాళదుంప పెడితే అతనికి కడుపులో తిప్పుతుంది. అత్తారింట్లో మొదటి భోజనం గుర్తున్న ప్రతి ఆడమనిషికీ ఈ పేజీలు అర్థమవుతాయి.

ఇందులో శత్రుత్వాల్లేవు, అపార్థాల్లేవు, అలిగి తలుపేసుకోవడాల్లేవు. ఇద్దరు మర్యాదస్తులు మొదట స్నేహితులై, అందం సంగతి తర్వాత చూసుకుంటారు. కథ నెమ్మది. మొదటి సగంలో "ఏమీ జరగడం లేదేంటి" అనేవాళ్లున్నారు. వాళ్లు అన్నది నిజమే, నాకు నచ్చింది కూడా అదే. రెండోది 'ఈడొలాన్' (2016) యుద్ధం, దయ్యాలు అంటూ బరువెక్కుతుంది. మొదటిదాంతో ఆపేసినా లోటు లేదు.

తాషా సూరి 'ఎంపైర్ ఆఫ్ శాండ్' (2018) కూడా పెళ్లి కథే, కానీ బలవంతపు పెళ్లి. రచయిత్రి భారత మూలాలున్న బ్రిటిష్ మనిషి, ఆ లోకానికి మొఘలుల కాలం ఛాయలున్నాయి. గవర్నరు కూతురు మెహర్ తల్లివైపు నుంచి వచ్చిన అమ్రితీ రక్తం వల్ల నాట్యంతో, చేతి ముద్రలతో దైవశక్తుల్ని పలికించగలదు. అందుకే ఆమెను ఒక మార్మిక గురువుకి కట్టుబడ్డ అమున్‌కిచ్చి పెళ్లి చేస్తారు. అతను ఆజ్ఞ మీరలేడు. మీరలేనివాడు మాటల సందుల్లోంచి ఆమెకి ఎంత జాగా ఇవ్వగలడో అంతా ఇస్తాడు. ఒకే గదిలో, ఒకే పరుపు మీద, చెయ్యి తగలకుండా ఎదురుచూసే ఆ ఇద్దరి పేజీలు చదివాక 'ది ఐరన్ డ్యూక్'లోని ఆ ఘట్టం మీద నాకు కోపం ఇంకా పెరిగింది. తెరలు, అంతఃపురం, సవతి తల్లి, ఇసుక తుఫాన్లు, అన్నీ మన ఊహకి అందేవే. ముద్రలు నేర్చుకునే చోట్ల భరతనాట్యం తెలిసినవాళ్ల వేళ్లు వాటంతటవే కదులుతాయి. 2019లో వచ్చిన 'రెల్మ్ ఆఫ్ ఆష్' వేరే జంటది, మెహర్ చెల్లెలిది.

ఇప్పుడు అందరూ అడిగే రెండు పేర్లు. రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' 2023లో వచ్చింది. పుస్తకాల మధ్య పెరిగిన, తేలిగ్గా ఎముకలు జారిపోయే వయొలెట్‌ను జనరల్ అయిన తల్లే డ్రాగన్ రౌతుల యుద్ధ కాలేజీలో తోస్తుంది. మొదటిరోజే సన్నటి రాతిగోడ మీద నడిచి దాటాలి, జారితే చావే. ర్యాంకులు, వెనకపడితే కనపడకుండా పోవడం, ఇంట్లో చెప్పుకోలేకపోవడం: నెల్లూరు కోచింగ్ హాస్టళ్లలో రెండేళ్లు గడిపిన పిల్లలకి డ్రాగన్లు తప్ప మిగతావన్నీ తెలిసిన సంగతులే. పేజీలు పరుగెడతాయి, వాక్యాలు మాత్రం చదివిన మర్నాటికి గుర్తుండవు. ఐదు పుస్తకాలన్నారు, మూడోదైన 'ఒనిక్స్ స్టార్మ్' 2025 జనవరిలో వచ్చి గొంతులో ముద్ద ఆగినచోట వదిలేసింది. ఎదురుచూడలేనివాళ్లు దూరంగా ఉండండి.

సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థోర్న్స్ అండ్ రోజెస్' 2015లో మొదలైంది. అడవిలో తోడేలుని చంపిన పేదింటి పిల్ల ఫేయ్రె, అది ఫే అని తేలడంతో శిక్షగా వాళ్ల లోకానికి వెళ్లాల్సి వస్తుంది. మొదటి పుస్తకం సాదాసీదా. రెండోదాంతో అసలు రంగు బయటపడుతుంది. అక్కడిదాకా వెళ్లకుండా తీర్పు చెప్పొద్దని దీని అభిమానులు అంటారు, అది ఒప్పుకుంటాను. నాకు పొసగనిది ఒకటే. వీళ్ల లోకంలో జంట ముందే రాసిపెట్టి ఉంటుంది. రాసిపెట్టి ఉన్నప్పుడు ఆవిడ ఎంచుకున్నది ఏముంది? ఏడేడు జన్మల బంధం నమ్మేవాళ్లకి ఇదే తియ్యగా ఉంటుంది, అది కూడా చూశాను. మూడు పుస్తకాలకి ఒక కథ పూర్తవుతుంది, ఐదోది (2021) అక్క నెస్టా కథ. శృంగారం పాలు ఎక్కువ, అట్ట మీద పూలు చూసి పిల్లల చేతికివ్వకండి.

ఒకే జంటతో చాలాకాలం కాపురం చేయాలనుకునేవాళ్లకి ఇలోనా ఆండ్రూస్ కేట్ డేనియల్స్ సిరీస్ ఉంది, 2007 నుంచి 2018 దాకా పది పుస్తకాలు. అట్లాంటా నగరంలో మంత్రం అలలా వచ్చినప్పుడు యంత్రాలు పడుకుంటాయి, అల పోయాక మంత్రం పడుకుంటుంది. మంత్రమా యంత్రమా తేల్చుకోలేనివాళ్లకి రెండూ ఒకేచోట. మొదటి పుస్తకం అంతంతమాత్రమే, మూడోదాకా ఆగగలిగితే వదలరు.

ఇక కొనడం. నెల్లూరు ట్రంకు రోడ్డులోనైనా ఒంగోల్లోనైనా షాపుల్లో పోటీ పరీక్షల గైడ్లకున్నంత జాగా వీటికి లేదు. యారోస్, మాస్, హోలీ బ్లాక్ దొరకొచ్చు. స్టీమ్‌పంక్ మాత్రం ఈబుక్‌గానో ఆన్‌లైన్‌లో తెప్పించుకునో చదవాల్సిందే. ఏది కొనేముందైనా ఫోన్లో ఉచితంగా వచ్చే శాంపిల్ దించుకోండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఒంగోల్లో ఎక్కితే నెల్లూరు దిగేలోపు రెండు మూడు శాంపిళ్లు చూసేయొచ్చు. 'సోల్‌లెస్' శాంపిల్లోనే ఆ లైబ్రరీ ఘట్టం ఉంటుంది. అది చదివి మీకు నవ్వు రాకపోతే మిగతా పేజీలకీ రాదు. 'ఫోర్త్ వింగ్' శాంపిల్‌ను మాత్రం నమ్మకండి, ఆ రాతిగోడ దగ్గర ఎవరైనా పడిపోతారు.

ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్లకి యారోస్, హోలీ బ్లాక్ తేలిక. మధ్యస్థంగా ఉండేది డ్రేవెన్. కారిగర్ వాక్యాలు పాతకాలపు దొరసాని మాటల్లా మెలికలు తిరుగుతాయి, ఆ మెలికలోనే హాస్యం ఉంది కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే నవ్వు చచ్చిపోతుంది. అర్థంకాని మాటను వదిలేసి ముందుకు పోవాలి.

సిరీస్ మొత్తం సెట్టుగా తక్కువకి వస్తోందని ఆశపడొద్దు. జంటలు మారే సిరీస్‌లు (మెక్‌మాస్టర్, సూరి) ఒక్కోటి కొనుక్కోండి, ఎక్కడ ఆపినా ఒక పెళ్లైనా అయిపోయి ఉంటుంది. ఒకే జంట సాగే క్లేర్, హోలీ బ్లాక్ మూడేసీ ఒకేసారి కొన్నా నష్టం లేదు, కథ అయిపోయింది కాబట్టి. డ్రేవెన్ మొదటిదొక్కటే చాలు. యారోస్ స్నేహితుల దగ్గర అడిగి తీసుకోండి, ఆ హాస్టల్ కాపీలు ఎలాగూ ఊరంతా తిరుగుతున్నాయి. పారసోల్ మొదటిది నచ్చితే రెండోది, మూడోది ఒకే ఆర్డరులో పెట్టండి.